కొటేషన్ కింద పేరుంది సరే, పేజీ ఏది?

కొన్నేళ్ల కింద మా ఊరి హైస్కూల్లో పదో తరగతి పిల్లల వీడ్కోలు సభకి పిలిచి, నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఊరికే మాట్లాడితే బరువుండదని "తివిరి ఇసుమున తైలంబు తీయవచ్చు" పద్యం ఎత్తుకుని, "ఈ మాట వేమన ఎప్పుడో చెప్పాడు పిల్లలూ" అని గట్టిగానే అన్నా. చప్పట్లు బాగానే పడ్డాయి. స్టేజీ దిగుతుంటే ఒక రిటైరైన తెలుగు మాస్టారు నా చెయ్యి పట్టుకుని, "పద్యం బాగా చదివావు నాయనా, అందులో వేమ ఎక్కడున్నాడో చెప్పు" అన్నారు. నేను మనసులో నాలుగో పాదం దాకా వెళ్లాను. "చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు." అంతే, అక్కడితో అయిపోయింది. విశ్వదాభిరామ లేదు, వినురవేమ లేదు. ఆ రాత్రి మొదలైన పిచ్చి ఇప్పటికీ వదల్లేదు, అందులో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. వాట్సాప్‌లో వచ్చిందో, గోడ మీద చూసిందో, ఉపన్యాసంలో విన్నదో, ఏదో ఒక మాట మీ దగ్గర ఉంది, దాని అసలు చోటు మీకు కావాలి. ఎలా పట్టుకోవాలో చూద్దాం.

ముందుగా ఒక అలవాటు మార్చుకోండి. "ఇది ఎవరన్నారు?" అని అడిగితే ఎవరైనా ఏదో ఒక పేరు చెప్పేస్తారు, ఎందుకంటే పేరు చెప్పడానికి ఖర్చేమీ లేదు. "ఇది ఎక్కడుంది?" అని అడగండి. పుస్తకం, పద్యం నంబరో పేజీయో, ముద్రణ ఏడు. ఈ మూడూ లేని పేరుని నేను ఆనవాలుగా మాత్రమే తీసుకుంటా, ఆధారం కింద లెక్కపెట్టను.

మొదటి పని: ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం

మీకు దొరికిన రూపాన్ని అక్షరం మార్చకుండా రాసుకోండి, ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో పక్కన వేసుకోండి. తప్పుగా ఉందనిపించినా దిద్దకండి. తప్పులు కూడా పనికొస్తాయి, ఒకే అచ్చుతప్పు పది చోట్ల కనిపించిందంటే ఆ పదీ ఒకరి దగ్గర్నుంచి ఒకరు దించుకున్నవే అని తెలిసిపోతుంది, అంటే పది సాక్ష్యాలు కాస్తా ఒక్క సాక్ష్యం అవుతాయి.

తర్వాత అది పద్యమా, వచనమా, పాటా, నాటకంలో మాటా, లేక ఎక్కడిదో అనువాదంలా వినిపిస్తోందా చూడండి. పద్యమైతే మీ అదృష్టం. పద్యం తన గుర్తింపు కార్డు తనే మోస్తుంది.

పద్యమైతే ఛందస్సు అడగండి

గణాలు కట్టడం బళ్లో నేర్చుకుని మర్చిపోయి ఉంటారు, ఫరవాలేదు, పద్యం ఏ రకమో తెలిస్తే చాలు. వేమన పేరు మీద మనకి తెలిసిన పద్యాల్లో ఎక్కువ భాగం ఆటవెలదులు, చివర మకుటం, అంటే ప్రతి పద్యం చివరా తిరిగొచ్చే పాదం. సుమతీ శతకం కందాలు, "సుమతీ" అనే పిలుపు. నా ఇసుక పద్యం తేటగీతి, మకుటం లేదు. ఈ ఒక్క ముక్క ముందే చూసుకుని ఉంటే ఆ రోజు మాస్టారి ముందు నీళ్లు నమిలే పని ఉండేది కాదు. మకుటం లేని తేటగీతి, అందులోనూ నీతి, అందులోనూ మూర్ఖుల మీద, అనగానే వెళ్లి తట్టాల్సిన తలుపు భర్తృహరి అనువాదాలది. సంస్కృతంలో భర్తృహరి నీతిశతకంలో, మూర్ఖ పద్ధతి అనే విభాగంలో, "లభేత సికతాసు తైలమపి యత్నతః పీడయన్" అనే శ్లోకం ఉంది. దాన్ని తెలుగు చేసినవాళ్లు ఒకరు కాదు, ముగ్గురు: ఏనుగు లక్ష్మణకవి, ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన. మనందరి నోళ్లలో నలిగింది లక్ష్మణకవిది, 18వ శతాబ్దం నాటిది. "ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై" కూడా ఆయనదే, దాన్నీ ఎవరెవరి ఖాతాలోనో వేస్తుంటారు.

ప్రాస కూడా చూడండి. కందంలో, వృత్తాల్లో ప్రతి పాదం రెండో అక్షరం కలవాలి. "ఇందు", "సందేహము", "డెందెందు", "నందందే" అని నాలుగూ కలిశాయి కాబట్టి పోతన పద్యం మీ దగ్గర చెక్కుచెదరకుండా ఉందని అర్థం. ఒక పాదంలో ప్రాస తప్పితే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు, ఆ పాదంతో వెతక్కండి, మిగతా వాటితో వెతకండి.

వేమన విషయంలో ఇంకో చిక్కుంది, చెప్పుకోవాలి. వేమన స్వహస్తంతో రాసి పెట్టుకున్న పుస్తకమంటూ ఏదీ మన చేతిలో లేదు. పద్యాలు జనం నోళ్లలో, తాటాకుల్లో తిరిగాయి, సి.పి.బ్రౌన్ వాటిని పోగుచేసి 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చేశాడు, 1839లో ఇంకా పెద్ద సంపుటి తెచ్చాడు, ఆ తర్వాత ఎందరో. పైగా "విశ్వదాభిరామ వినురవేమ" అనే పాదం ఎవరు ఏ మూడు పాదాల కింద తగిలించినా అతుక్కుంటుంది. ఎన్నికలప్పుడు, పరీక్షలప్పుడు, కరోనా అప్పుడు ఎన్ని చూడలేదు మనం! కాబట్టి ఇక్కడ అడగాల్సింది "ఇది వేమనదేనా?" అని కాదు. "ఏ సంపుటిలో మొదట కనిపించింది?" అని. బ్రౌన్‌లో ఉంటే ఒక సంగతి, పోయినేడు వచ్చిన ఫార్వర్డ్‌లో మాత్రమే ఉంటే ఇంకో సంగతి.

సెర్చ్ చేసే పద్ధతి

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మాటతో పాటు కవి పేరు కూడా కొట్టి వెతుకుతారు. అప్పుడు మీరు నమ్మిందే మీకు తిరిగొస్తుంది: "తివిరి ఇసుమున వేమన" అని కొడితే వేమన అని రాసిన పేజీలే ముందుకొస్తాయి. పేరు తీసేయండి. మాటలు మాత్రమే, అవీ రెండు మూడు, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి.

ఏ మాటలు? అందరికీ తెలిసిన మొదటి ముక్క వద్దు, దాని మీద వేల పేజీలుంటాయి. మధ్యలో ఉన్న అరుదైన మాట పట్టండి. "మృగతృష్ణలో నీరు" అంటే దొరుకుతుంది, "తీయవచ్చు" అంటే దొరకదు.

తెలుగులో ఇంకో తలనొప్పి ఉంది, పాత అచ్చుల రాత వేరు. అరసున్నలుంటాయి: కలఁడు, తెలుఁగు, లేఁడు. బండి ర ఉంటుంది: ఎఱుఁగు. ముందు మాటని బట్టి క కాస్తా గ అవుతుంది, త కాస్తా ద అవుతుంది, మనం "తైలంబు తీయవచ్చు" అనేది అచ్చులో "దైలంబు దీయవచ్చు" అని ఉండొచ్చు. ఫల్గుణుడు అని మనం వెతుకుతాం, అక్కడ ఫల్గునుఁడు అని ఉంటుంది. మాటలు పాదం చివర విరిగిపోతాయి కూడా: "సర్వోపగతుం" ఒక పాదంలో, "డెందెందు" తర్వాతి పాదంలో. మీరు "సర్వోపగతుండు" అని కొడితే మెషీన్ ఏం చేస్తుంది పాపం, లేదంటుంది. కాబట్టి ఒకే పద్యాన్ని కనీసం మూడు నాలుగు రకాలుగా రాసి వెతకాలి, అరసున్నతో, లేకుండా, సంధి కలిపి, విడదీసి. ఓపిక కావాలి, వేరే దారి లేదు.

పీడీఎఫ్‌లలో వెతికేటప్పుడు గుర్తుంచుకోండి, "అను" (Anu) అనే రకం ఫాంట్లలో టైప్ చేసినవి కంటికి చక్కటి తెలుగులా కనబడతాయి గానీ లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి, సెర్చ్‌కి ఒక్క ముక్కా చిక్కదు. "రిజల్ట్స్ లేవు" అంటే పుస్తకంలో లేదని అర్థం కాదు.

ఎక్కడ వెతకాలి

కావ్యాలు, శతకాలు అయితే నేను ముందు ఆంధ్రభారతి సైట్ చూస్తా, తర్వాత తెలుగు వికీసోర్స్. పోతన అని అనుమానం ఉంటే తెలుగు భాగవతం సైట్‌లో ప్రతి పద్యానికీ స్కంధం, నంబరు, ఛందస్సు ఇచ్చారు, అక్కడ లేకపోతే భాగవతంలో లేనట్టే దాదాపు. "కాటుక కంటినీరు చనుకట్టు పయిం బడ" పద్యాన్ని ఎంతమంది భాగవతంలో వెతికి అలిసిపోయారో! అది చాటువు, అంటే ఏ కావ్యంలోనూ లేకుండా నోటినోటా తిరిగే విడి పద్యం, పోతన పేరుతో నడుస్తోంది గానీ భాగవతంలో లేదు. చాటువులకి వేటూరి ప్రభాకరశాస్త్రి గారి చాటుపద్య మణిమంజరి మొదటి మజిలీ.

ఆ తర్వాత ఆర్కైవ్ డాట్ ఆర్గ్. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వేలకొద్దీ ఉన్నాయి, కాకపోతే పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరి చేతికొచ్చినట్టు వాళ్లు ఎక్కించారు, ఒకే పుస్తకం మూడు స్పెల్లింగులతో ఉంటుంది. అచ్చు హల్లు రెట్టించి, రెట్టించకుండా వెతకండి. పుస్తకం దొరికాక పేజీలన్నీ తిప్పక్కర్లేదు, పాత కావ్య ముద్రణల్లో చాలావాటికి చివర్న పద్యాల అకారాది పట్టిక ఉంటుంది, పద్యం మొదటి అక్షరం తెలిస్తే రెండు నిమిషాల పని.

ఫోన్‌లో చాట్‌బాట్‌ని అడగొచ్చా అంటే, అడగండి, ఎవరొద్దన్నారు. కానీ అది చెప్పిన ఆశ్వాసం (కావ్యంలో అధ్యాయం లాంటిది), పద్యం నంబరు మీ కళ్లతో చూసేదాకా రాసుకోవద్దు. లేని నంబరుని ధీమాగా చెప్పడంలో దానికి సాటి లేదు, మా పెద్దబావ తర్వాత.

దొరికింది కదా అని ఆగకండి

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, కాస్త నిదానంగా చెబుతా.

"దేశభాషలందు తెలుగు లెస్స." ఎవరిదంటే కృష్ణదేవరాయలది అంటాం. వెతికితే ఆముక్తమాల్యదలో, మొదటి ఆశ్వాసంలో దొరుకుతుంది కూడా: "తెలుఁగదేల యన్న దేశంబు తెలుఁగేను, తెలుఁగు వల్లభుండఁ దెలుఁగొకండ..." పేజీ దొరికింది, పని అయిపోయింది అనుకుంటాం. అప్పుడు రెండు ప్రశ్నలు వెయ్యాలి.

ఒకటి, ఆ పుస్తకంలో ఆ మాట ఎవరి నోట వస్తోంది? పైన నాలుగు పద్యాలు, కింద నాలుగు పద్యాలు చదవండి. ఆ మాట అంటున్నది రాయలు కాదు. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్రమహావిష్ణువు రాయల కలలోకి వచ్చి, నా పెళ్లి కథ తెలుగులో రాయి అని చెబుతూ అంటాడు. "తెలుగు వల్లభుండ" అన్నది రాయలు తన గురించి చెప్పుకున్నట్టు కోట్ చేసేవాళ్లు ఈ నాలుగు పద్యాలు చదవనివాళ్లే.

రెండు, ఇంతకన్నా ముందు ఇంకెక్కడైనా ఉందా? ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరున్న క్రీడాభిరామంలో: "జనని సంస్కృతంబు సకల భాషలకును, దేశభాషలందుఁ దెలుఁగు లెస్స." అది శ్రీనాథుడి కాలం నాటి మాట, అంటే రాయలు 1509లో గద్దెనెక్కడానికి చాలా ముందు. క్రీడాభిరామం అసలు శ్రీనాథుడే రాశాడని వాదించినవాళ్లూ ఉన్నారు, ఆ తగువులోకి మనం వెళ్లక్కర్లేదు. మనకి కావల్సిందల్లా, ఆ పాదం రాయల పుస్తకంలో ఉంది, రాయల కన్నా ముందే ఉంది, రెండూ నిజమే. కొటేషన్ కింద ఏది రాస్తారో మీరేం చెప్పదలుచుకున్నారో దాన్ని బట్టి ఉంటుంది.

"ఎవరి నోట" అనే ప్రశ్న నాటకాల దగ్గర మరీ అవసరం. "ఒపీనియన్లు అప్పుడప్పుడు ఛేంజి చేస్తూంటేనేగాని" అంటూ సాగే మాట కింద గురజాడ ఫొటో పెట్టి సూక్తిలా పంచుతుంటారు, అది కన్యాశుల్కం నాటకంలో గిరీశం మాటయ్యా, గిరీశం! గురజాడ ఎవర్ని ఎండగడుతున్నాడో వాడి మాట తీసుకొచ్చి ఆయన నోట్లో పెట్టడం ఎంత అన్యాయం. పైగా కన్యాశుల్కం 1897లో ఒకటి అచ్చయింది, 1909లో బాగా తిరగరాసిన రెండోది వచ్చింది. ఏ కూర్పులోదో చూసి రాయండి.

వేదిక మీద విన్నవాటితోనూ జాగ్రత్త. "చెల్లియో చెల్లకో తమకు జేసిన యెగ్గులు" వినగానే మహాభారతం, తిక్కన అనేస్తాం, కృష్ణ రాయబారం కదా మరి. అది తిరుపతి వెంకట కవుల నాటక పద్యం, "జెండాపై కపిరాజు" కూడా అక్కడిదే. "వచ్చినవాడు ఫల్గుణుడు" మాత్రం నిజంగానే తిక్కన, విరాటపర్వం. రెండూ ఒకే గొంతులో, అదే హార్మోనియం మీద విని పెరిగిన చెవులకి తేడా ఎలా తెలుస్తుంది? పుస్తకం తెరవాల్సిందే. అలాగే "నేను సైతం" అనగానే కుర్రాళ్లకి 2003 నాటి ఠాగూర్ సినిమా, ఆ పాట రాసిన సుద్దాల అశోక్ తేజ గుర్తొస్తారు. పల్లవి మాటలు శ్రీశ్రీ జయభేరిలోవి. అది మహాప్రస్థానం పుస్తకంలో ఉంది, పుస్తకం వచ్చింది 1950లో, అందులో చాలా గేయాలు 1930ల నాటివి. పుస్తకం ఏడు వేరు, రచన ఏడు వేరు, రెండూ రాసుకోండి.

ఎవరి మీద అన్నది, ఎవరిదైపోయింది

"పుట్టుక నీది, చావు నీది, బతుకంతా దేశానిది." కాళోజీ జయంతి రోజున, అంటే సెప్టెంబర్ 9న, ఆయన ఫొటో కింద ఈ మాట తప్పకుండా ఉంటుంది. రాసింది కాళోజీయే, అందులో తప్పులేదు, కానీ రాసింది 1979లో లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ పోయినప్పుడు, ఆయన గురించి. ఆయన కోసం అన్న మాట తిరిగి తిరిగి అన్నవాడికే అమరింది. సందర్భం రాసుకోకపోతే ఇలాంటివి జారిపోతాయి.

కాళోజీదే ఇంకోటి, "ఒక్క సిరాచుక్క లక్ష మెదళ్లకు కదలిక." మాట వినగానే అనువాదపు వాసన ఏమైనా వస్తోందా చూడండి, వస్తే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి వెతకండి, హిందీ, ఉర్దూ, సంస్కృతంలో కూడా. బైరన్ డాన్ జువాన్ మూడో సర్గలో, 1821లో అచ్చయింది, దాదాపు ఇదే ఊహ ఉంది: ఒక్క చిన్న సిరాబొట్టు ఆలోచన మీద మంచులా రాలి వేలమందిని, బహుశా లక్షలమందిని ఆలోచింపజేస్తుందని. అంతమాత్రాన కాళోజీ ఎత్తుకొచ్చాడని పోస్టు పెట్టకండి. చదివినవాడు తన భాషలో తనదిగా చెప్పుకోవడం మన సాహిత్యంలో తప్పేమీ కాదు, అలా అంటే భర్తృహరిని తెలుగు చేసిన లక్ష్మణకవి ఏమైపోవాలి. ముందు ఎవరు అన్నది ఒక వాక్యం, తెలుగులో ఇలా ఎవరు అన్నది ఇంకో వాక్యం, విడివిడిగా రాస్తే గొడవే లేదు.

"చిరిగిన చొక్కా అయినా తొడుక్కో, ఓ మంచి పుస్తకం కొనుక్కో" అని ప్రతి పుస్తక ప్రదర్శనలోనూ కందుకూరి వీరేశలింగం పేరుతో బ్యానరుంటుంది. ఇంగ్లీషులో పాత కోటు వేసుకో, కొత్త పుస్తకం కొనుక్కో అనే వాక్యం ఆస్టిన్ ఫెల్ప్స్ అనే అమెరికన్ మతబోధకుడి పేరుతో నడుస్తోంది. ఫెల్ప్స్ 1820 నుంచి 1890 దాకా, వీరేశలింగం 1848 నుంచి 1919 దాకా. ఇద్దరూ కొంతకాలం ఒకేసారి బతికున్నారు, కాబట్టి తేదీలు చూసి తీర్పు చెప్పలేం. ఇలాంటప్పుడు వీరేశలింగం గారి రచనల్లోకి, స్వీయచరిత్రలోకి, ఆయన నడిపిన వివేకవర్ధని పత్రికలోకి దిగి వెతకాలి. ఆసక్తి ఉన్నవాళ్లకి మంచి ఎండాకాలపు పని, మొదలుపెట్టండి.

లైబ్రరీకి వెళ్లాల్సి వస్తే

నెట్‌లో దారి మూసుకుపోయినప్పుడు నేలమీది లైబ్రరీలు ఉన్నాయి. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలున్నాయి, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. వెళ్లేముందు ఫోన్ చేసి టైమింగ్స్ కనుక్కోండి. "కొటేషన్ వెతకాలండీ" అంటే లోపలికి పిలవరు, ఫలానా పుస్తకం, ఫలానా ఏళ్ల భారతి పత్రిక సంచికలు అని చీటీ రాసిస్తే తెచ్చి ముందు పెడతారు. డెస్క్ దగ్గర పెద్దవాళ్లుంటే పద్యం ఒకసారి చదివి వినిపించండి, ఒక్కోసారి వెతుకులాట అక్కడే అయిపోతుంది.

పుస్తకం చేతికొచ్చాక పద్యం ఉన్న పేజీ ఒక్కటే ఫొటో తీసుకుని వచ్చేయకండి. ముఖపత్రం, దాని వెనక పేజీ, పీఠిక చివరి పేజీ కూడా తీయండి. పాత పుస్తకాల్లో ఏడు ఒక్కోసారి పీఠిక చివర్న "సౌమ్య సం॥" అని మాత్రమే ఉంటుంది, అది 1909-10 కావచ్చు, అరవై ఏళ్లు కలిపితే 1969-70 కావచ్చు, ప్రెస్సు పేరు, వెల చూసి తేల్చుకోవాలి. అణా పైసల్లో వెల ఉంటే మొదటిదే అనుకోండి.

చివరికి ఎలా రాయాలి

దొరికితే కవి, పుస్తకం, ఆశ్వాసమో అంకమో, పద్యం నంబరు, మీరు చూసిన ముద్రణ. మాట ఒక పాత్రదైతే పాత్ర పేరు. అనువాదమైతే మూలం. దొరక్కపోతే "ఫలానా వారి పేరుతో ప్రచారంలో ఉంది" అని రాయండి, అందులో నామోషీ లేదు. "అజ్ఞాత కవి" అని మాత్రం రాయకండి, మీకు దొరకనంత మాత్రాన కవి అజ్ఞాతంలోకి వెళ్లిపోడు.

మరుసటి ఏడు అదే స్కూల్ వాళ్లు మళ్లీ పిలిచారు. ఈసారి పద్యాన్ని చార్టు మీద రాయించి పట్టుకెళ్లా, కింద చిన్న అక్షరాల్లో ఇలా: "తేటగీతి. ఏనుగు లక్ష్మణకవి, సుభాషిత రత్నావళి, నీతిశతకం, మూర్ఖ పద్ధతి. మూలం: భర్తృహరి. పోయినేడు ఇదే వేదిక మీద వేమన అని చెప్పబడినది." మాస్టారు కళ్లజోడు పైకెత్తి చివరి లైను రెండుసార్లు చదివి, "అయితే పద్యం నంబరేది?" అన్నారు.